నుంచి, వరకు

మా ప్రొఫెసరు గారి వెంట మొదటిసారి మార్చురీలో అడుగుపెట్టిన రోజున మేం నలుగురం విద్యార్థులం కత్తి కోసమే ఎదురుచూశాం. ఆయన గంటసేపు కత్తి ముట్టలేదు. శవం మీది దుప్పటి తీయించి, బట్టలు ఎలా ఉన్నాయో నాలుగు మాటల్లో రాయించి, వెంటనే ఒక చెక్కపెట్టెలోంచి పొడుగాటి థర్మామీటరు బయటికి తీశారు. మాలో ఒకడు ఉండబట్టలేక, "సార్, చావుకు కారణం లోపల కదా ఉండేది?" అన్నాడు. "ఉంటుంది నాయనా, అది ఎక్కడికీ పోదు. ఈ వేడి మాత్రం పోతూనే ఉంది. ముందు పోయేదాన్ని పట్టుకో" అంటూ ఆయన ఆ థర్మామీటరును నా చేతికిచ్చారు.

అది ఇళ్లలో జ్వరం చూసే రకం కాదు. జ్వరం చూసేదాంట్లో 35 డిగ్రీలకు కింద గీతలే ఉండవు, శవమేమో ఆ గీతలు దాటి ఎప్పుడో దిగిపోతుంది. ఇది సున్నా నుంచి 50 డిగ్రీల సెల్సియస్ దాకా గీతలున్న ప్రయోగశాల థర్మామీటరు, జానెడు కంటే పొడుగు. దాన్ని మలద్వారంలో మూడు నాలుగు అంగుళాల లోతున ఉంచి, పాదరసం నిలకడగా ఆగేదాకా పట్టుకుని నిలబడాలి. గదిలోని గాలి ఎంత వేడిగా ఉందో కూడా చూడాలి. రెండు అంకెల పక్కనా గడియారం చూసి టైము వేయాలి. ఆ రోజు నేను టైము వేయడం మరిచిపోయాను. ఆయన ఏమీ అనకుండా నేను రాసిన అంకెను కొట్టేసి, మళ్లీ మొదటినుంచి చూడమన్నారు. ఆ కొట్టివేతతో మొదలైన నోటుపుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

బతికున్న దేహం 37 డిగ్రీల దగ్గర ఉంటుందని, ప్రాణం పోయాక సుమారు గంటకో డిగ్రీ చొప్పున చల్లబడుతుందని మేం కంఠతా పట్టి వచ్చాం. ఆ లెక్కను ఆయన మా కళ్లముందే ముక్కలు చేశారు. చర్మం ముందు చల్లబడుతుంది గాని, లోపలి వేడి అరగంటో గంటో, ఒక్కోసారి అంతకంటే ఎక్కువసేపో ఉన్నచోటే ఉండి ఆ తరవాతే దిగడం మొదలుపెడుతుంది. దిగి దిగి గది వేడికి దగ్గరయ్యే కొద్దీ మళ్లీ నెమ్మదిస్తుంది. బక్కపలచని మనిషి త్వరగా చల్లబడతాడు, లావుపాటి మనిషి ఆలస్యంగా చల్లబడతాడు. దుప్పటి కప్పి ఉంటే ఒక తీరు, గాలి వీస్తుంటే ఒక తీరు, నీళ్లలో ఉంటే వీటన్నిటికంటే వేగం. గదే 37 డిగ్రీలుంటే శవం చల్లబడడమనే మాటే లేదు. జర్మనీకి చెందిన క్లాస్ హెన్స్‌గే అనే వైద్యుడు 1980లలో ఇవన్నీ లెక్కలోకి తీసుకుని, శరీరం వేడి, పరిసరాల వేడి, శరీరం బరువు, మీదున్న బట్టల మందం చూసుకుని గీత గీస్తే కాలం తెలిసేలా ఒక పటం తయారుచేశాడు. అన్నీ అనుకూలించినప్పుడు కూడా అది ఇటు 2.8 గంటలు, అటు 2.8 గంటలు వదులు పెట్టే జవాబు చెబుతుంది. ఆ సంగతి పాఠం చెబుతున్నప్పుడు ప్రొఫెసరు గారి ముఖంలో కనిపించిన ఆనందం నాకు ఇప్పటికీ గుర్తే. "అంత పద్ధతైన మనిషి అన్ని శవాలు చూసి అంత కష్టపడితే చివరికి అయిదున్నర గంటల వెడల్పు మిగిలిందయ్యా. నువ్వు ముంజేతి గడియారం చూసుకుని రాత్రి పదిన్నరకు పోయాడని రాస్తావా?" అనేవారు. అందుకే ఆయన దగ్గర ఏ రిపోర్టులోనైనా చావు కాలం రాసేచోట రెండు మాటలు తప్పనిసరిగా ఉండాలి: నుంచి, వరకు.

పోయాక కండలు గట్టిపడే ఆ బిగువు చూడడం మాత్రం నాకు నేర్పింది ఆయన కాదు, మార్చురీ అటెండరు. జుట్టు పూర్తిగా నెరిసిన మనిషి. మా అందరి వయసు కలిపినా ఆయన అనుభవానికి సరిపోదేమో అనిపించేది. "చిన్న డాక్టరు గారూ, ముందు రెప్పలు, దవడ. మోచెయ్యి ఆ తరవాత" అంటూ గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి మెల్లగా కిందికి నొక్కి చూపించేవాడు. 1811లో నిస్టెన్ అనే ఫ్రెంచి వైద్యుడు రాసిన వరస కూడా ఇదే: పైనుంచి కిందికి, దవడ నుంచి కాళ్లకు. నిజానికి బిగువు కండలన్నిటిలోనూ ఒకేసారి మొదలవుతుంది, చిన్న కండల్లో ముందు బయటపడుతుంది. కండ బిగియడానికే కాదు, బిగిసిన పట్టు వదలడానికి కూడా ఏటీపీ అనే ఇంధనం కావాలి. ఊపిరి ఆగాక అది అయిపోతుంది, పట్టిన పట్టు అలాగే ఉండిపోతుంది. రెండు మూడు గంటలకు దవడలో తెలిసి, సుమారు 12 గంటలకు ఒళ్లంతా కట్టెలా అయి, మరో 12 గంటలు నిలిచి, ఆ పైన కుళ్లు మొదలవుతూ మరో 12 గంటల్లో సడలుతుందన్నది పుస్తకం లెక్క. ఎండల్లో ఇదంతా సగం కాలంలోనే ముగిసిపోవచ్చు, మంచులో రోజులు పట్టవచ్చు.

ఒకసారి చొక్కా విప్పే తొందరలో ఒక శవం మోచేతిని బలంగా చాపేశాను. అటెండరు చేస్తున్న పని ఆపి నా వైపు చూశాడు. "విరిచేశారు బాబూ. ఇంత బిగిశాక విరిస్తే ఇక మళ్లీ బిగియదు. పెద్ద సారు వచ్చి ఆ చెయ్యి పట్టుకుంటే బిగువు సడలుతోందనుకోరా?" అన్నాడు. పరుగున వెళ్లి నోటుపుస్తకంలో "కుడి మోచెయ్యి నావల్ల సడలింది" అని రాసుకున్నాను. ఆ వాక్యం కింద ప్రొఫెసరు గారి ఎర్రసిరా టిక్కు ఉంది. నా చదువు మొత్తం మీద నాకు దక్కిన ప్రశంసల్లో అదొకటి.

మూడోది నెత్తురు మరకలు. గుండె ఆగాక నెత్తురు తన బరువుకు తానే శరీరంలో అట్టడుగు భాగానికి దిగి, చర్మం కింద ఊదారంగు మచ్చలుగా కనిపిస్తుంది. దీన్ని లివర్ మార్టిస్ అంటారు. తెలుగులో రాసుకున్నప్పుడల్లా కాలేయానికి ఏదో జరిగిందనిపించే పేరు గాని, దానికీ కాలేయానికీ ఏ సంబంధమూ లేదు. మొదటి అరగంట, గంటలో పొడలుగా మొదలై, కొన్ని గంటల్లో అవన్నీ కలిసిపోతాయి. అప్పుడు బొటనవేలితో నొక్కితే తెల్లబడి, వేలు తీయగానే మళ్లీ రంగు వస్తుంది. సుమారు ఆరు నుంచి 12 గంటలు గడిచాక నొక్కినా తెల్లబడదు, శవాన్ని తిప్పి పడుకోబెట్టినా మరక పాత చోటనే ఉంటుంది. శరీరం నేలను ఆనిన చోట, నడుముకు బెల్టు బిగిసిన చోట, చొక్కా మడత పడిన చోట నెత్తురు దిగదు కాబట్టి అక్కడ తెల్లటి గుర్తులు మిగులుతాయి. రంగు కూడా మాట్లాడుతుంది: బొగ్గుపొగలోని కార్బన్ మోనాక్సైడ్ పీల్చి పోయినవారిలో చెర్రీపండు ఎరుపు. విపరీతమైన చలిలో ఉన్న శవమూ గులాబీరంగులోనే కనిపిస్తుంది కాబట్టి, రంగు చూసి పరుగెత్తవద్దని ప్రొఫెసరు గారు హెచ్చరించేవారు.

ఒక గదిలో మంచం మీద బోర్లా పడి ఉన్న ఒక యువకుడి శవం వచ్చింది. మరకలన్నీ వీపు మీద ఉన్నాయి, భుజాల దగ్గరా పిరుదుల దగ్గరా తెల్లటి పలకలు స్పష్టంగా ఉన్నాయి, నొక్కితే రంగు కదలలేదు. అంటే పోయాక చాలా గంటలు వెల్లకిలా ఉన్న మనిషిని ఎవరో తరవాత బోర్లా తిప్పారు. పోలీసుల ముఖాలు వెలిగాయి. మా నలుగురి ముఖాలూ వెలిగాయి. లోపల చూస్తే గుండెకు నెత్తురు తెచ్చే ధమనిలో గడ్డ అడ్డుపడి ఉంది. ఇంకెక్కడా దెబ్బ లేదు, విషం పరీక్షల్లోనూ ఏమీ రాలేదు. ఆ తరవాత తెలిసిన సంగతేమిటంటే, అదే గదిలో ఉండే స్నేహితుడు పొద్దున్నే వచ్చి నేల మీద పడి ఉన్నవాణ్ని చూసి, పోయాడని నమ్మలేక మంచం మీదికి ఎత్తి వేయబోతే శవం బోర్లా పడిందట. భయపడి ఆ మాట ఎవరికీ చెప్పలేదు. కదిలించారని శవం చెప్పింది, ఎందుకు కదిలించారో చెప్పలేదు.

కారణం రాయడంలో ప్రొఫెసరు గారి చాదస్తం ఇంకా ఎక్కువ. చావు రిపోర్టులో "గుండె, ఊపిరి ఆగిపోవడం వల్ల" అని రాసిన సహాధ్యాయికి జరిగిన శాస్తి మేమెవరం మరిచిపోలేదు. "అందరూ పోయేది అలాగేనయ్యా! ఆగిందని నాకూ తెలుసు, ఎందుకాగిందో చెప్పు" అని కాగితం వెనక్కి విసిరేశారు. ఏ గాయం, ఏ జబ్బు చావుకు దారితీసిందో అది కారణం. నెత్తురు పోయి, మెదడుకు గాలి అందక వంటివి అది పనిచేసిన తీరు. సహజమా, ప్రమాదమా, ఆత్మహత్యా, హత్యా అన్నది వేరే ప్రశ్న, దానికి శవం ఒక్కటే చాలదు. ఈ మూడింటినీ కలిపి రాసినవాణ్ని ఆయన క్షమించేవారు కాదు.

మెడ విషయంలో ఆయన చేతులు ఎంత నెమ్మదిగా కదిలేవో చెప్పాలి. ముందు తల, ఛాతీ తెరిచి వాటిలోని నెత్తురంతా కారిపోనిచ్చి, చిట్టచివర మెడ మొదలుపెట్టేవారు. మెడలో సిరలు నెత్తురుతో ఉబ్బి ఉండగా కోస్తే అన్నవాహిక వెనక నెత్తురు చిమ్మి, గొంతు నులిమినట్టే కనబడుతుంది. ఆ మోసాన్ని 1951లో ప్రిన్స్‌లూ, గోర్డన్ అనే ఇద్దరు వైద్యులు వివరించారు. నెత్తురు కారిపోయిన మెడలో ఒక్కో కండను పొరలా లేపి చూసి, నాలుక అడుగున గుర్రపునాడా ఆకారంలో ఉండే చిన్న హయాయిడ్ ఎముకను రెండు వేళ్ల మధ్య తిప్పుతూ విరిగిందేమో తడిమేవారు. ఉరి గుర్తు మామూలుగా గొంతుముడికి పైన, ముడి ఉన్న వైపుకు ఏటవాలుగా ఎక్కి, అక్కడ తెగిపోతుంది. వెనకనుంచి తాడు బిగిస్తే గుర్తు కిందగా, అడ్డంగా, చుట్టూ తిరిగి వస్తుంది. మామూలుగా అన్న మాట మీద ఆయన వేలు పెట్టి నొక్కేవారు. కూర్చున్న స్థితిలో, పడుకున్న స్థితిలో ఉరిపోసుకున్నవారూ ఉంటారు, అప్పుడు గుర్తు అడ్డంగానే ఉండవచ్చు.

నీళ్లలో దొరికిన శవం అరచేతులు ముడతలు పడి తెల్లబడి ఉంటే, అది నీళ్లలో ఉందని తెలుస్తుంది తప్ప నీళ్లలో పోయిందని తెలియదు. ముక్కు దగ్గర సబ్బు నురగలాంటి సన్నటి తెల్లనురగ, తుడిచినా మళ్లీ వస్తుంటే, ఊపిరితిత్తులు ఉబ్బి పక్కటెముకల అచ్చులు పడి ఉంటే, అప్పుడు ఆలోచించాలి. మంటల్లో కాలిన శవం పిడికిళ్లు బిగించి, మోచేతులు మడిచి ముష్టియుద్ధానికి దిగినట్టు ఉంటుంది. మొదటిసారి చూసి, చివరిదాకా ఎవరితోనో పెనుగులాడాడని మేం ఒక కథ అల్లేశాం. అది వేడికి కండలు కుంచించుకుపోవడం మాత్రమే, పోయినవాణ్ని కాల్చినా అలాగే అవుతుంది. అసలు చూడాల్సింది శ్వాసనాళాన్ని. ఆయన దాన్ని నిలువునా చీల్చి, లోపలి తడి గోడ మీద తెల్లటి దూదిని రాసి మాకు చూపించారు. దూది నల్లబడింది. ఆ మసి స్వరపేటిక కింద ఉందంటే మంటలు మొదలైనప్పుడు ఆ మనిషి ఊపిరి పీలుస్తున్నాడు. ఆ నల్లటి దూది చుట్టూ మేం నలుగురం చాలాసేపు మాట్లాడలేదు.

ఇక నా తప్పు. అప్పటికి నేను ఒంటరిగా రిపోర్టులు రాస్తున్నాను, కాస్త గర్వం కూడా వచ్చింది. రాత్రి నర్సు సాయంతో ఇంట్లోనే ఉన్న ఒక రోగి తెల్లవారేసరికి మంచంలో పోయి ఉన్నాడు. ఆరుగంటలకు చూస్తే శరీరం వేడి 34.5, గది 26. నేను 37 నుంచి దిగిన రెండున్నర డిగ్రీలకు రెండున్నర గంటలు, మొదట వేడి కదలని అరగంటో గంటో కలిపి లెక్కేసి, తెల్లవారుజామున రెండు, మూడు గంటల మధ్య పోయాడని రాశాను. బిగువు మాత్రం అప్పటికే కాళ్ల దాకా పాకి ఉంది. రెండు, మూడు మధ్య పోయినవాడికి అది ఎలా కుదురుతుందని మనసులో పీకుతున్నా, వేడి చెప్పిందే నమ్మి బిగువును పక్కన పెట్టాను. ఆ కాలం ప్రకారం అప్పుడు డ్యూటీలో ఉన్న నర్సు నిద్రపోయిందా, మందు తప్పు ఇచ్చిందా అని ప్రశ్నలు మొదలయ్యాయి. రెండో రోజు ప్రొఫెసరు గారు రోగి చార్టు తెప్పించి నా ముందు పెట్టారు. ముందురోజు సాయంత్రం జ్వరం 40 డిగ్రీలు. అంటే ఈయన దేహం 37 దగ్గర కాదు, 40 దగ్గర బయలుదేరి ఉండవచ్చు. దిగింది రెండున్నర కాదు, అయిదున్నర కావచ్చు. జ్వరంలో పోయినవారికి బిగువు త్వరగా వస్తుంది కాబట్టి దాన్నీ మామూలు లెక్కలో చదవకూడదు. రెండు సాక్ష్యాలు వేరువేరు మాటలు చెబుతుంటే నేను నాకు నచ్చిన సాక్షిని ఎంచుకున్నాను. "రాత్రి తొమ్మిది నుంచి రెండు వరకు" అని దిద్ది, కారణం వివరిస్తూ మరో పేజీ రాసి పంపాం. ఆయన నన్ను తిట్టలేదు. చార్టులోని ఆ 40 అనే అంకె చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి, చార్టు నా బల్ల మీద వదిలి వెళ్లారు.

రోజులు దాటిన శవాల దగ్గర థర్మామీటరు పనికిరాదు. మొదట పొట్ట కుడివైపు కింద ఆకుపచ్చ మచ్చ వస్తుంది. పెద్దపేగు మొదటి భాగం అక్కడ పొట్ట గోడకు దగ్గరగా, సూక్ష్మజీవులతో నిండి ఉంటుంది, అవి పుట్టించే వాయువు నెత్తురుతో కలిసి పచ్చబడుతుంది. తరవాత సిరల వెంట పాలరాతి చారల్లాంటి గీతలు, ఉబ్బు, ముక్కునుంచి ఎర్రటి ద్రవం. ఆ ద్రవాన్ని చూసి కొట్టి చంపారని వాదించే బంధువులను ప్రతి ఏటా చూశాను. 19వ శతాబ్దంలో బెర్లిన్‌కు చెందిన కాస్పర్ అనే వైద్యుడు, గాలిలో ఒక వారం అంటే నీళ్లలో రెండు వారాలు, మట్టిలో ఎనిమిది వారాలు అని ఒక సూత్రం చెప్పాడు. పరీక్షలో రాయడానికి బాగుంటుంది, కోర్టులో చెప్పడానికి కాదు.

అక్కడ ఈగలు ఆదుకుంటాయి, శవం మీది వాటి పురుగుల వయసు కాలం చెబుతుంది. చైనాలో సుంగ్ త్స అనే న్యాయాధికారి 1247లో రాసినదాంట్లో ఒక కొడవలి ఉదంతం ఉంది: హత్య జరిగిన చోటి రైతులందరి కొడవళ్లూ ఎండలో పరిపించగా ఒకదాని మీదే ఈగలు మూగాయి. మా పని అంత నాటకీయం కాదు. పురుగుల్లో సగాన్ని వేడినీళ్లలో వేసి చంపి ఆల్కహాలులో నిల్వ చేసేవాళ్లం. అలా చేయకుండా నేరుగా ఆల్కహాలులో వేస్తే అవి ముడుచుకుపోయి పొడవు తప్పుతుంది. మిగతా సగాన్ని కాలేయం ముక్క వేసిన సీసాలో పెంచి ఈగ అయ్యేదాకా చూసేవాళ్లం, ఏ జాతి అన్నది పెద్ద ఈగ చెప్పినంత కచ్చితంగా పురుగు చెప్పదు. ఆ సీసాలకు మూడు పూటలా వేడి చూసి రాసే పని నాదే. సెలవురోజు కూడా వెళ్లేవాణ్ని. 1935లో స్కాట్లండ్‌లో దొరికిన ముక్కలైన శవాల మీది పురుగుల వయసును అలెగ్జాండర్ మియర్న్స్ అనే పరిశోధకుడు సుమారు రెండు వారాలని తేల్చడం ఆ కేసుకు బలమైంది. ఆ మాట తలుచుకుని సీసాల దగ్గర నాకు నేను ధైర్యం చెప్పుకునేవాణ్ని.

కంటిలోని జిగురు ద్రవం తీయడం మాత్రం నాకు ఇష్టమైన పని. సన్నటి సూదిని కంటి బయటి కొస నుంచి లోపలికి పంపి, తొందరపడకుండా చుక్క చుక్కగా లాగాలి. పోయాక గంటలు గడిచే కొద్దీ అందులో పొటాషియం పెరుగుతుంది. తీశాక అంతే నీటిని లోపలికి ఎక్కించేవాళ్లం, లేకపోతే కన్ను లోపలికి పోయి, చివరిసారి చూసుకోవడానికి వచ్చినవాళ్లకు ముఖం మారిపోయినట్టుంటుంది. అది ఏ రిపోర్టులోనూ రాసే సంగతి కాదు. అటెండరు ప్రతిసారీ రెప్పను వేలితో మూసి, పక్కకు వచ్చి చూసి, మళ్లీ సరిచేసేవాడు.

అటెండరు, ప్రొఫెసరు గారు ఇద్దరూ పోయాక చాలా ఏళ్లకు, నేను రిటైరయ్యే సంవత్సరంలో, ఒక అమ్మాయి నన్ను వెతుక్కుంటూ మార్చురీ గుమ్మం దాకా వచ్చింది. తండ్రి పక్కగదిలో నిద్రలో పోయారు. కారణం గుండె ధమనిలో గడ్డ, ఎవరికీ సందేహం లేని చావు. ఆమెకు కావలసింది కారణం కాదు. "నేను పదకొండింటికి లైటు తీసి పడుకున్నాను డాక్టరు గారూ. అప్పటికి నాన్న ఉన్నారా?" అని అడిగింది. నా రిపోర్టులో రాత్రి పది నుంచి రెండు వరకు అని ఉంది. పదకొండు అందులోనే ఉంది. ఉన్నారమ్మా అని ఒక మాట అంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. చెప్పలేనమ్మా అన్నాను. కూర్చోబెట్టి థర్మామీటరు చెప్పేదేమిటో, బిగువు చెప్పేదేమిటో, ఎక్కడ రెండూ ఆగిపోతాయో వివరంగా చెప్పాను. ఆమె చివరిదాకా విని, ఆ రెండు అంకెలూ ఒక కాగితం మీద రాసివ్వమంది. రాసిచ్చాను. చదువుకుని, "నుంచి, వరకు" అని పైకి అని, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది.